దొరసానులు పెట్టిన మ్యూజియం

పోయిన ఏడాది మా అమ్మాయి పురుటికి అమెరికా వెళ్ళాను. మనవరాలికి మూడో నెల వచ్చాక ఒక ఆదివారం మా అల్లుడు కారులో రిచ్‌మండ్ తీసుకెళ్ళి, "మీకు చరిత్ర ఇష్టం కదా అత్తయ్యగారూ" అంటూ అంతర్యుద్ధం మ్యూజియం దగ్గర దింపాడు.

1861 నుంచి 1865 దాకా అమెరికా తనలో తాను చేసుకున్న యుద్ధం అది. చచ్చిపోయిన సైనికులు 6,20,000 మంది అని చాలాకాలం చెప్పారు, ఏడున్నర లక్షల దాకా ఉండొచ్చని తర్వాతి పరిశోధకులు లెక్కగట్టారు. బానిసత్వాన్ని వదులుకోవడం ఇష్టంలేని దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి కాన్ఫెడరసీ పేరుతో వేరే దేశం పెట్టుకున్నాయి. ఆ దేశానికి రాజధాని ఈ రిచ్‌మండ్. అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ కాపురమున్న భవనం ఇప్పుడు మ్యూజియంలో భాగం. రెండో భాగం నది ఒడ్డున, వెయ్యికి పైగా ఫిరంగులు పోతపోసిన ట్రెడెగర్ కర్మాగారం శిథిలాల మధ్య 2019లో కట్టిన అద్దాల భవనం.

నన్ను నిలబెట్టేసిన సంగతి వేరే. ఈ మ్యూజియానికి మూలమైన సంస్థను పెట్టింది ఆడవాళ్ళు. అధ్యక్ష భవనాన్ని పడగొట్టి బడి కట్టాలని ఊరివాళ్ళు అనుకుంటే, 1890లో కులీన శ్వేతజాతి స్త్రీలు సంఘం పెట్టుకుని దాన్ని కాపాడారు. చందాలు పోగుచేశారు. ఇల్లిల్లూ అడిగి సైనికుల కోట్లు, కత్తులు, జెండాలు సేకరించారు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో గది కేటాయించి, దానికొక స్త్రీని బాధ్యురాలిగా పెట్టారు. 1896 ఫిబ్రవరి 22న తలుపులు తెరిచారు. అప్పటికి వాళ్ళకి ఓటుహక్కు కూడా లేదు! సంఘటితమైన స్త్రీశక్తి అంటూ మనం శిక్షణా తరగతుల్లో చెప్పే గుణాలన్నీ వాళ్ళలో ఉన్నాయి.

ఆ శక్తినంతా దేనికి ఖర్చుపెట్టారు? యుద్ధం బానిసత్వం కోసం జరగలేదనీ, తమ మగవాళ్ళు ఆత్మగౌరవం కోసం పోరాడి ఓడిన వీరులనీ జనాన్ని నమ్మించడానికి. 1894లో పుట్టిన 'యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ' అనే స్త్రీల సంఘం ఊరూరా విగ్రహాలు నిలబెట్టింది. ఆ సంఘానికి చరిత్రకారిణిగా పనిచేసిన మిల్‌డ్రెడ్ రూథర్‌ఫర్డ్ 1920 ప్రాంతంలో పాఠ్యపుస్తకాల్ని కొలవడానికి ఒక కొలబద్ద అచ్చువేసింది. దక్షిణాది బానిసల కోసం యుద్ధం చేసిందని రాస్తే ఆ పుస్తకాన్ని తిరస్కరించాలి. యజమాని క్రూరుడంటే తిరస్కరించాలి. తరాల తరబడి పిల్లలు చదివిన పాఠాల మీద ఈ తల్లుల చెయ్యి ఉంది.

అంతటితో ఆగలేదు. యజమానుల బిడ్డలకు పాలిచ్చి పెంచిన నల్లజాతి దాదికి రాజధాని వాషింగ్టన్‌లో విగ్రహం పెడతామని ఈ సంఘంవాళ్ళే అడిగారు. 1923లో సెనేట్ ఒప్పుకుంది కూడా. నల్లజాతి స్త్రీల సంఘాలు దేశమంతా నిరసన తెలిపాయి. ప్రతినిధుల సభలో ఆ బిల్లు ముందుకు సాగలేదు. ఆ దాది తన బిడ్డకు పాలివ్వగలిగిందా, ఆ బిడ్డని ఏ సంతలో అమ్మేశారు అన్నది విగ్రహం అడిగిన దొరసానులకు పట్టలేదు.

బిడ్డ సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. ఇదే వర్జీనియా 1662లోనే ఒక చట్టం చేసింది. పుట్టిన బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టే ఉంటుంది. తండ్రి శ్వేతజాతివాడైనా సరే! అంటే యజమాని బానిస స్త్రీని చెరిస్తే శిక్ష లేదు, పైగా పుట్టిన బిడ్డ అతని ఆస్తి. గర్భసంచిని పెట్టుబడిగా మార్చిన చట్టం అది. ఇంటిదగ్గర నిద్రపోతున్న మనవరాలు గుర్తొచ్చింది. ఆ పిల్లకి పుట్టుకతో వచ్చిన పౌరసత్వం, 1868లో విముక్తులైన బానిసల కోసం చేసిన పద్నాలుగో సవరణ పెట్టిన భిక్ష. 2025 జనవరిలో ఆ హక్కుని కుదించే ఉత్తర్వు వచ్చి కోర్టుకెక్కితే మనవాళ్ళు ఎంత కంగారుపడ్డారో చూశాను. అదే ఇళ్ళల్లో 'నల్లవాళ్ళుండే వీధి, అటు వెళ్ళకండి' అని కూడా విన్నాను.

పేద శ్వేతజాతి స్త్రీలనైనా ఈ దొరసానులు తమవాళ్ళనుకున్నారా? ట్రెడెగర్ పక్కనే బ్రౌన్స్ ఐలండ్ అనే లంక ఉంది. అక్కడి మందుగుండు కర్మాగారంలో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. కొందరికి పదీ పన్నెండేళ్ళు. 1863 మార్చి 13న పేలుడులో నలభైమందికి పైగా చనిపోయారు. పద్దెనిమిదేళ్ళ మేరీ రయాన్ పలకకి ఇరుక్కున్న మందుగొట్టాన్ని ఊడదీయబోయి పలకని బల్లకేసి కొట్టిందనీ, తప్పు ఆమెదేననీ తేల్చారు. కాలిన గాయాలతో ఆమే చచ్చిపోయింది. బాణసంచా కొట్లలో మనం వినే మాటే కదా ఇది!

మూడు వారాలకి, ఏప్రిల్ 2న, వందలాది ఆడవాళ్ళు కత్తులూ గొడ్డళ్ళూ పట్టుకుని తిండి కోసం వీధుల్లోకొచ్చి దుకాణాలు పగలగొట్టారు. డేవిస్ జేబులో చిల్లర వాళ్ళమీదికి విసిరి, కదలకపోతే కాల్పిస్తానన్నాడు. ఈ వార్త వెయ్యొద్దని ప్రభుత్వం పత్రికల్ని అడిగింది. వీరమాతల కథలో ఆకలి మూకకి చోటెక్కడిది?

ఇప్పుడు మ్యూజియం మారింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. పాత సంస్థ 2013లో మరో కేంద్రంతో కలిసిపోయింది. కొత్త భవనం తెరిచేనాటికి సారథి క్రిస్టీ కోల్‌మన్ అనే నల్లజాతి మహిళ. ఉత్తరాది, దక్షిణాది, నల్లజాతి, ముగ్గురి దృక్కోణాలూ చూపిస్తామన్నది ఆమె నడిపిన కేంద్రం ముందునుంచీ చెప్పుకున్న మాట. నాకు అదీ పూర్తిగా మింగుడుపడలేదు. మనిషిని అమ్మినవాడిదీ అమ్ముడుపోయిన మనిషిదీ పక్కపక్కన పెట్టి చూసే దృక్కోణాలా?

డేవిస్ భవనం నుంచి దిగువకి నడిస్తే షాకో బాటమ్ వస్తుంది. మనుషుల్ని అమ్మిన బజారు. అక్కడ లంప్‌కిన్ అనే వ్యాపారి జైలుండేది. అతని పిల్లల తల్లి మేరీ, అతనికే బానిస. 1866లో అతను చనిపోయాక ఆ స్థలం ఆమె చేతికొచ్చింది. విముక్తులైన నల్లవాళ్ళ బడికి ఆమె దాన్ని అద్దెకిచ్చింది. ఇప్పటి వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయం మూలాల్లో ఆ బడి ఒకటి. దొరసానులు భవనాన్ని ఊడ్చి తుడిచి దాచుకున్నారు. ఈ జైలు మాత్రం మట్టికింద పడి, 2008 తవ్వకాల్లో గానీ సరిగ్గా బయటపడలేదు.

దొరల గడీల్లో పెళ్ళికూతురితోపాటు అరణంగా పంపిన ఆడబాపలున్న నేల మనది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాట స్త్రీలచేత మాట్లాడించింది. తర్వాత మన సంఘాలు దాచుకున్నదేమిటి? వచ్చే మార్చి 8కి మా సంఘం పాత ఫొటోలతో ప్రదర్శన పెడుతోంది. తిరిగొచ్చాక ఆ పెట్టెలు తెరిచి చూశాను. వేదిక మీదివాళ్ళందరికీ ఇంటిపేరుతో సహా పేర్లున్నాయి. సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నడిచిన దళిత స్త్రీల ఫొటో వెనక 'గ్రామ మహిళలు' అని మాత్రం ఉంది. మా మీటింగులకి ఇరవయ్యేళ్ళు వండిపెట్టిన ఆమె ఏ ఫొటోలోనూ లేదు. ఆ రాతలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రదర్శనకి ఇంకా వ్యవధి ఉంది. ఆ ఊళ్ళకి వెళ్ళి, బతికున్నవాళ్ళని పట్టుకుని, పేర్లు రాసుకొస్తేనే ఆ ఫొటోలు గోడకెక్కాలని కమిటీకి ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు.