కనబడని నాలుగవ నాళం

నోటి పరిశుభ్రత మన ఇళ్ళలో కొత్తగా చెప్పవలసిన విషయం కాదు. దైవప్రవక్త (స) మిస్వాక్‌ను ఎంతగా ప్రోత్సహించారో పిల్లలకు సైతం తెలుసు. అయితే పుచ్చు లోతుకు దిగి, దంతం నడుమనున్న నరాన్ని తాకిన తరువాత పైపై శుభ్రత చాలదు. అప్పుడు రూట్ కెనాల్ చికిత్స అవసరమవుతుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల కుటుంబాలలో మేము తరచుగా వినే మాట ఒకటున్నది: "రూట్ కెనాల్ చేయించాం, క్యాప్ వేయించాం, అయినా మళ్ళీ నొప్పి. ఇక పీకించేస్తే పీడ పోతుంది." సాధారణంగా ఇంటి ఇల్లాలే ఈ నిర్ణయానికి వస్తుంది; తనకోసం మళ్ళీ ఖర్చెందుకని అనుకుంటుంది. పన్ను తీయించడానికి ముందు ఒక్క ప్రశ్న అడగవలసి ఉన్నది: లోపల ఏదైనా నాళం శుభ్రం కాకుండా మిగిలిపోయిందేమో?

పై దవడ మొదటి పెద్ద పన్నుకు సాధారణంగా మూడు వేళ్ళు ఉంటాయి. కనుక మూడే నాళాలని అనుకోవడం సహజం. కాని సగానికి పైగా పళ్ళలో, చెంపవైపు ముందు వేరులో రెండవ నాళం కూడా ఉంటుంది. దాని ముఖద్వారం సూదిమొనంత సన్నగా, దంతపదార్థం చాటున దాగి ఉంటుంది. కింది దవడ పళ్ళలో కొందరికి అదనపు వేరు ఉంటుంది. మరికొందరికి నాళాలు కలిసిపోయి, అడ్డంగా కోస్తే ఆంగ్ల 'సి' అక్షరం ఆకారంలో కనిపిస్తాయి. స్విట్జర్లాండుకు చెందిన వాల్టర్ హెస్ వేలాది దంతాలలో రబ్బరు నింపి, దంతాన్ని కరిగించి, నాళాల అచ్చులను వెలికితీసి ఈ వైవిధ్యాన్ని లోకానికి చూపారు. ఆ పరిశోధన 1925లో ఆంగ్లంలో వెలువడింది. 2011లో చెన్నై వైద్యులు ఒకే పై దవడ పన్నులో 8 నాళాలు కనుగొని, చికిత్స చేసి, ఆ వివరాలను ప్రచురించారు.

కనుక నాళం తప్పిపోవడం ప్రతిసారీ వైద్యుని అజాగ్రత్త కాదు. మామూలు ఎక్స్‌రేలో ఒక నాళం వెనుక మరొకటి మరుగున పడుతుంది. అందుకే నిపుణులు కోణం మార్చి మరొక ఎక్స్‌రే తీస్తారు. భూతద్దాలతోనో మైక్రోస్కోపుతోనో చూస్తారు. నీలిరంగు ద్రవం వేసి, రంగు ఎక్కడ ఇంకుతున్నదో గమనిస్తారు. అప్పటికీ స్పష్టత రాకుంటే, అవసరాన్నిబట్టి సీబీసీటీ అనే త్రిమితీయ స్కాన్ చేయిస్తారు.

చికిత్స తరువాత కొద్ది రోజులు నొప్పి ఉండడం మామూలే. వారాలు గడిచినా నమిలితే నొప్పి తగ్గకపోయినా, చిగురుపై చీముపొక్కు లేచినా మళ్ళీ చూపించుకోవాలి. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగుతూ కాలం గడపరాదు. నరం చచ్చిన నాళంలోకి రక్తప్రసరణ ఉండదు, కనుక మందు అక్కడికి చేరదు. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకొని పోవాలి. "ఎన్ని నాళాలు నింపారు? మిగిలినదేమైనా ఉన్నదా? మళ్ళీ రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుందా?" అని మర్యాదగా అడగాలి. వేరు చీలిన పన్నును తీయక తప్పకపోవచ్చు. మిగిలిపోయిన నాళమే కారణమైతే చాలావరకు కాపాడుకోవచ్చు. గద్వాల వారికి కర్నూలు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వారికి మహబూబ్‌నగర్ అందుబాటులో ఉన్నాయి. రెండు చోట్లా దంత వైద్య కళాశాలలున్నాయి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది.

శరీరం మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. పీకించిన పన్ను తిరిగి మొలవదు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే తల్లి తానూ నొప్పి లేకుండా నాలుగు ముద్దలు తినాలి. ఆమె పంటి కోసం చేసే ఆ ఒక్క ప్రయాణాన్ని ఇంటివారు వృథా ఖర్చుగా ఎంచరాదని మా మనవి.