వెదురును పెద్దపులియును

మేదరులయొద్ద మనము కొనెడి చేట గడ్డితో నల్లినదే యన్నచో సోదరీమణులు నవ్వుదురేమో! వెదురు వృక్షము కాదు. వరి, చెఱకులవలె గడ్డిజాతిలోనిది. చట్టము మాత్రము చిరకాలము దానిని వృక్షముగానే యెంచి, అడవుల వెలుపల పెరుగు వెదురును 2017లో ఆ లెక్కనుండి తొలగించినది.

పులి ఆకలిగొన్నను గడ్డి మేయదందురు. మేయదు గాని, గడ్డి లేక బ్రదుకదు. ఆదిలాబాదు అడవులలో లేత వెదురును అడవిదున్నయు కణుజును మేయును. వానిని పులి తినును.

అయినను రెంటి బ్రదుకులును వేరు. వెదురు అనేక వత్సరముల కొక్కమారు పూచి, గింజలు రాల్చి చచ్చును. వానలు పడగానే ఆ గింజలే మొలచును. బొంగు నరికినను నేలలోని దుంప మరల పిలక వేయును. ఆడపులియో, మూడున్నర నెలలు మోసి రెండు మూడు పిల్లలను కని, రెండేండ్లు వెంట ద్రిప్పుకొని వేట నేర్పును. నడుమ తల్లి చచ్చెనా, పసికూనలును దక్కవు.

కవ్వాలు అడవిని 2012లో పులుల సంరక్షణకై ప్రత్యేకించిరి. మహారాష్ట్రమునుండి పులులు నదులు దాటి కాగజ్‌నగరు వైపునకు వచ్చుచున్నవి. అచ్చటనే 2024 జనవరిలో రెండు పులులు మరణింపగా, విషప్రయోగ మారోపించి కొందరిని నిర్బంధించిరి. ఆ యేటి నవంబరులో పత్తి చేనిలో నున్న యువతి యొకతె పులివాత బడెను. ఇంట గూర్చుండి పులిని కాపాడుడని వ్రాయుట మాకు సులభమే. మరునాడు అదే చేనికి బోవలసిన స్త్రీకి ఆ మాట యెట్లు వినబడునో! పులి చంపిన పశువునకు అటవీశాఖవారు పరిహార మిత్తురు. అది వారములోపల చేతి కందినచో, కళేబరమునకు విషము పూయబోవు చేయి కొంత వెనుదీయునని మా తలంపు.