సున్నా దగ్గర ఆగిన పిల్లవాడు

మా మేనల్లుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఒకటిని సున్నాతో భాగిస్తే ఎంత అని తరగతిలో అడిగితే "చెప్పలేమండీ" అన్నాడట. "అనంతం" అని దిద్ది కూర్చోబెట్టారట మాస్టారు. ఆ సాయంత్రం వాడు నా దగ్గరికి వచ్చి, "నాకు లెక్కలు రావేమో మామయ్యా" అన్నాడు. ఆ మాటే నా చేత ఈ నాలుగు ముక్కలూ రాయిస్తోంది.

మర్నాడు తెల్లవారకముందే వాణ్ణి భీమిలి తీరానికి తీసుకువెళ్ళాను. మాకు సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు గదా! మీటరు కర్రనొకదాన్ని ఇసుకలో నిలువుగా పాతాము. పొద్దెక్కుతున్నకొద్దీ నీడ కురచబారుతోంది. లెక్కను మాత్రం వెనక్కి నడిపించాము. నేల సమతలమనుకుంటే, సూర్యుడు క్షితిజానికి రెండు డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు నీడ సుమారు 29 మీటర్లు. ఒక డిగ్రీ దగ్గర 57. అర డిగ్రీ దగ్గర 115. కోణం సగమైనప్పుడల్లా నీడ ఇంచుమించు రెట్టింపు. మరి కోణం సున్నా అయితే? కొలవడానికి నీడకు కొసే లేదు.

వ్యుత్క్రమ ప్రమేయపు నడకా ఇదే. ఒకటిని 0.1తో భాగిస్తే 10, 0.01తో అయితే 100, 0.001తో అయితే 1000. ఎంత పెద్ద సంఖ్యను హద్దుగా పెట్టినా, సున్నాకు తగినంత దగ్గరగా జరిగితే ఆ హద్దు దాటిపోతుంది. కానీ ఆ నిలువు గీతను, అంటే అనంతస్పర్శరేఖను, వక్రం ఏనాడూ తాకదు.

ఇక రెండోవైపు చూడండి. -0.1తో భాగిస్తే -10, -0.01తో అయితే -100. కుడినుంచి వస్తే ఆకాశం, ఎడమనుంచి వస్తే పాతాళం! సూర్యుడు క్షితిజం కిందికి దిగితే నీడే ఉండదు గనుక ప్రకృతి అక్కడ ఆగుతుంది, సూత్రం ఆగదు. ఒకే చోటికి రెండు దారులు ఇలా విడిపోతుంటే, ఒకదాన్ని పట్టుకుని "విలువ ఇదే" అనడం న్యాయమా?

పెద్దలూ ఇక్కడ ఏకాభిప్రాయానికి రాలేదు. సున్నాతో భాగించినా సంఖ్య మారదన్నాడు 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, తన గణితసారసంగ్రహంలో. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెనిగించింది ఆ గ్రంథాన్నే. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితంలో దానికి "ఖహరం" అని పేరుపెట్టి, అనంతమన్నాడు. ఎదుగుదలను ఆయన సరిగానే పసిగట్టాడు. రెండు దారుల సంగతి మాత్రం అందులో లేదు.

అనంతాన్ని ఒక బిందువుగా చేర్చుకుని, ఒప్పందంగా ఆ విలువనే వాడుకునే గణితశాఖలు లేకపోలేదు. అయితే ఆ ఒప్పందం ముందుగా చెప్పాలి. వాస్తవ సంఖ్యల పాఠంలో అది చెల్లదు.

నా మట్టుకు నాకు, "అనంతం" అక్కడ ఒక ప్రయాణానికి పేరే తప్ప మజిలీ కాదు. "నిర్వచితం కాదు" అనడం చేతకానితనమూ కాదు. పిల్లలు ఎక్కడ ఆగాలో తెలిసి ఆగినప్పుడు మనం వెనకనుంచి తొయ్యకూడదు.

కర్ర పీకుతూ వాడడిగాడు: "అయితే నేను చెప్పింది తప్పు కాదా?"

కాదని మీరూ ఒక మాట చెబుతారా?