విరేచనాల పిల్లవాడికి లంఖణమా?

మొన్న రాత్రి డ్యూటీలో ఉండగా ఒక అమ్మమ్మగారు పదినెలల మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చారు. కళ్ళు గుంటలు పడ్డాయి. పొట్టమీది చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది. "రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలండీ. పాలు పడితే మళ్ళీ అవుతాయని చుక్క పట్టనివ్వలేదు" అన్నారు. ప్రేమతోనే చేశారు, కాని బిడ్డను ముంచబోయింది ఆ పనే.

లంఖణం పరమౌషధమన్న మాట పసిపిల్లల విరేచనాలకు పనికిరాదు. విరేచనాలతో నీళ్ళూ లవణాలూ పోయి, రక్తంలో ఆమ్లం పెరిగి వాంతులు పట్టుకుంటాయి. వాంతులవుతున్నాయని తాగించడం మానేస్తారు. ఒంట్లో నీరు ఇంకా తగ్గి బిడ్డ మగతలో పడతాడు. అప్పుడు ఇచ్చినా తాగలేడు. ఇది గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే విషవలయం.

వారాల తరబడి తిరిగేది మరొకటుంది. తిండి లేక పేగు లోపలిపొర మానదు. మానని పేగు పాలలోని చక్కెరను అరిగించుకోలేదు. అరగని చక్కెర నీటిని పేగులోకి లాగి మళ్ళీ విరేచనం చేస్తుంది. చిక్కిన బిడ్డకు రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గి, కొద్దిరోజులకే మళ్ళీ జబ్బు పడతాడు.

అదృష్టమేమిటంటే, ఎన్ని విరేచనాలవుతున్నా పేగు ఉప్పునూ గ్లూకోజునూ కలిపి పీల్చుకోగలదు. వాటి వెంటే నీరూ ఒంటికి పడుతుంది. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగులోపుకి దిగాయి.

ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి. కొంచెం పొడి గ్లాసులో వేసి కలపడం వద్దు. వాంతి అయితే పది నిమిషాలాగి, చెంచాతో మెల్లగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. ఆరునెలలు దాటితే మెత్తటి పప్పన్నం, పెరుగన్నం పెట్టండి. డాక్టరు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులివ్వాలి. విరేచనాలు కట్టే బిళ్ళలు, కూల్‌డ్రింకులు ఇవ్వనే వద్దు. బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆ రాత్రి అమ్మమ్మగారి చేతికే గిన్నే చెంచా ఇచ్చాను. తెల్లవారుజామున మనవడు ఆవిడ చీర తడిపాడు. నర్సమ్మ పరుగున వచ్చి చెప్పింది.