ఆసక్తి లేదట!

ఈ వారం ఒక సభలో ఓ పెద్దాయన సెలవిచ్చారు: మన డిగ్రీ కాలేజీల్లో, అందులోనూ ఎస్సీ, ఎస్టీ హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లల్లో, పరిశోధన మీద ఆసక్తి లేదట. సభ చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండింది.

లేనిది ఆసక్తి కాదు, దారి. సైన్స్ డిగ్రీ చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పే చూడండి. ఏడాదికి 80,000 రూపాయలు, అందులో 20,000 వేసవి ప్రాజెక్టుకే. కానీ ప్రధాన అర్హత ఇంటర్ బోర్డులో మొదటి ఒక్క శాతంలో ఉండటం. ఆ ఒక్క శాతంలో బీఎస్సీలో చేరేదెందరు? చేరినా ఆ ప్రాజెక్టుకు గైడ్‌ను పిల్లవాడే వెతుక్కోవాలి. ఇంట్లో ప్రొఫెసర్ ఉంటే ఒక్క ఫోన్ చాలు. లేనివాడు జవాబు రాని ఈమెయిళ్లు పంపుతూ కూర్చోవాలి. మూడు సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కేమో లెక్చరర్ సిఫార్సు లేఖ కావాలి. గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొచ్చే ఏజెన్సీ కాలేజీలో అది రాసేదెవరు?

దారి చూపిస్తే ఏమవుతుందో చూడండి. అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్ 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం పెట్టింది. మొదటి బ్యాచ్ 19 మంది నల్లజాతి అబ్బాయిలు. ఖర్చులకు స్కాలర్‌షిప్, క్లాసులకు ముందే వేసవి శిక్షణ, డిగ్రీలో ఉండగానే ల్యాబ్ పని. ఆ దారిలోనే 2008లో డిగ్రీ పూర్తిచేసిన కిజ్మెకియా కార్బెట్, తర్వాత మోడెర్నా కోవిడ్ టీకాకు పునాది వేసిన శాస్త్రవేత్తల్లో ఒకరయ్యారు.

మన దగ్గర రోగం ఇంటర్‌లోనే మొదలవుతుంది. ఇది నేను ఎప్పటి నుంచో అరుస్తున్న మాటే, మళ్లీ అరుస్తాను. చాలా కాలేజీల్లో ఏడాదంతా ల్యాబ్‌కు తాళం. పరీక్షల ముందు సీనియర్ రికార్డు చూసి కాపీ. ప్రాక్టికల్స్‌లో 30కి 30. బ్యూరెట్ పట్టని చేతికి కెమిస్ట్రీలో ఫుల్ మార్కులు! ఇంజినీరింగ్‌కొచ్చేసరికి అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు, బైండింగుతో సహా. ఈ తంతు నడిపిన పెద్దలే పిల్లల ఆసక్తిని తూకం వేస్తున్నారు.

ఆంధ్రలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు కదా, సైన్స్ పిల్లలకు అందులో రెండు నెలలైనా యూనివర్సిటీ ల్యాబుల్లో ఇవ్వండి. లేఖలు అడగకుండా యూనివర్సిటీ వాళ్లే కాలేజీకి వెళ్లి ఎంచుకోవాలి. సెలవుల్లో హాస్టల్ మూస్తే అక్కడుండే పిల్లవాడు కూలికో, కేటరింగ్ పనికో పోతాడు. ల్యాబ్‌కు రమ్మంటే ఆ కూలి వదులుకుని రమ్మన్నట్టే. అందుకే గది, భోజనం, స్టైపెండ్ మొదటి రోజే ఇవ్వాలి. దసరాకు ఖాతాలో పడే డబ్బుతో మే నెలలో ఎవరూ అన్నం తినలేరు.