తుపాకీ హక్కు: మరుగున పడిన సగం

అమెరికాలో ఎక్కడైనా కాల్పులు జరిగాయన్న వార్త వినగానే, పిల్లలను అక్కడికి పంపిన తల్లిదండ్రుల గుండె ఝల్లుమంటుంది. క్షేమమన్న మాట ఫోనులో చెవిన పడేవరకూ మనసు కుదుటపడదు. ఆ తరువాత అందరినీ వేధించే ప్రశ్న ఒకటుంది: మారణాయుధం సామాన్యుల ఇళ్లలో ఉండడానికి ఆ దేశపు చట్టం ఎలా ఒప్పుకుంటున్నది? అది వారి రాజ్యాంగమిచ్చిన హక్కు అన్న జవాబు నిజమే. కాని అది సగం జవాబు మాత్రమేనని మేము భావిస్తున్నాము.

ఈ హక్కు మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. ప్రొటెస్టెంటు ప్రజలు తమ స్థితికి తగినట్లుగా, చట్టం అనుమతించిన మేరకు ఆత్మరక్షణకై ఆయుధాలు ఉంచుకోవచ్చునని 1689 నాటి హక్కుల చట్టం పేర్కొన్నది. 1775 ఏప్రిల్ 19న మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో దాచిన ఆయుధ సామగ్రిని పట్టుకోవడానికి బ్రిటిష్ సైనికులు కదలగా, స్థానిక పౌరదళాలు తుపాకులతో ఎదురు నిలిచాయి. స్వాతంత్ర్య యుద్ధం అలా మొదలైంది. పాలకుల చేతిలో నిత్యం ఉండే సైన్యం ప్రజలనే అణచివేస్తుందన్న భయం వారిలో బలంగా నాటుకున్నది. 1791 డిసెంబరు 15న ఆమోదం పూర్తయిన రెండవ రాజ్యాంగ సవరణకు ఇదే నేపథ్యం.

ఆ సవరణ ఒకే ఒక్క వాక్యం. స్వేచ్ఛా రాజ్యపు భద్రతకు సక్రమంగా నియంత్రితమైన పౌరదళం అవసరమని దాని మొదటి భాగం చెబుతుంది. ఆయుధాలు కలిగి ఉండే ప్రజల హక్కుకు భంగం కలిగించరాదని రెండవ భాగం చెబుతుంది. ఈనాడు ఎక్కువగా వినిపించేది రెండవ భాగమే. ఆనాటి వారికి మొదటి భాగం అర్థమేమిటో మరుసటి ఏడాది చేసిన చట్టం తెలుపుతుంది. 1792 నాటి ఆ పౌరదళ చట్టం ప్రకారం 18 నుండి 45 ఏళ్లలోపు దృఢకాయుడైన ప్రతి శ్వేతజాతి స్వేచ్ఛా పౌరుడు దళంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆరు నెలల లోపు తుపాకీని, బాయొనెట్‌ను, కనీసం 24 తూటాలు పట్టే సంచిని స్వయంగా సమకూర్చుకొని, పిలిచిన రోజున వాటితో హాజరు కావాలి. తుపాకీ ఆనాడు హక్కుతోపాటు లెక్క చెప్పవలసిన బాధ్యత కూడా.

ఇరుగుపొరుగు క్షేమం కోసం ఆంక్షలు కూడా ఉండేవి. మందు కూరిన తుపాకీని బోస్టన్ నగరంలోని ఇళ్లలోకి తీసుకుపోరాదని 1783లో ఒక చట్టం చేశారు. ఇల్లు అంటుకున్నప్పుడు మంటలార్పడానికి వచ్చే వారి ప్రాణాలకు అటువంటి ఆయుధం ముప్పు అన్నదే దాని కారణం.

అయితే అన్ని ఆంక్షలూ ఇంత న్యాయమైనవి కావు. బానిసలు తుపాకీయే కాదు, కర్ర సైతం ఆయుధంగా పట్టరాదని వర్జీనియా 1680లోనే శాసించింది. నల్లజాతివారిని పౌరులుగా అంగీకరిస్తే వారు ఆయుధాలు ధరించి ఎక్కడికైనా పోగలరన్న మాటను, వారికి పౌరసత్వం నిరాకరించిన 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ ఒక వాదంగా వాడుకున్నాడు. రక్షణ ఎవరికి అత్యవసరమో వారినే చట్టం నిరాయుధులను చేసింది.

పౌరదళంతో నిమిత్తం లేకుండా, ఇంటిలో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని సుప్రీంకోర్టు 2008లో 5-4 తీర్పుతో తేల్చింది. ఆ హక్కు అపరిమితం కాదని కూడా అదే తీర్పు చెప్పింది. ఆంక్ష ఏదైనా దేశ చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉండాలని 2022లో నిర్దేశించింది. మరి ఆ చరిత్రలో బోస్టన్ చట్టమూ ఉన్నది, వర్జీనియా శాసనమూ ఉన్నది! పాతది కావడం ఒక్కటే న్యాయానికి గీటురాయి కాజాలదు. ఆంక్ష ఎవరిని కాపాడుతున్నది, ఎవరిని అణచివేస్తున్నది అన్నదే అసలు పరీక్ష అని మా అభిప్రాయం.

2024లో అదే న్యాయస్థానం ముందుకు ఇంటికి సంబంధించిన వ్యాజ్యమే వచ్చింది. భాగస్వామికి ప్రాణహాని తలపెట్టగలడని న్యాయస్థానం నిర్ధారించి, నిషేధాజ్ఞలు జారీచేసిన వ్యక్తి వద్ద తుపాకీ ఉండరాదన్న చట్టాన్ని 8-1 మెజారిటీతో సమర్థించింది. ఒకరి హక్కు అదే కప్పు కింద నివసించే మరొకరి ప్రాణాన్ని హరించరాదన్న సూత్రాన్ని గ్రహించడానికి న్యాయశాస్త్రం చదవనవసరం లేదు. ఏ ఇంటి పెద్దనడిగినా చెబుతారు.