పక్కన కూర్చోవడం నేర్చుకుందాం

ఉప్పు పండే నౌపడలో మనిషిని ఉప్పు తగ్గించమంటారు. కొబ్బరి కాసే కవిటిలో కొబ్బరినీళ్లు తాగొద్దంటారు. మన ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు వచ్చిన ఇంట్లో పథ్యం ఇలా ఉంటుంది. తన చేత్తో నాటిన చెట్టే, గెల కళ్లెదుటే వేలాడుతుంటుంది. తాను మాత్రం మంచినీళ్లు కూడా గ్లాసులు లెక్కపెట్టుకుని తాగాలి.

ఆ మనిషిని మనం ఏమడుగుతున్నాం? “క్రియాటినిన్ ఎంతుంది?” అంటాం. ఆరో ఎనిమిదో చెబుతాడు. “ధైర్యంగా ఉండు” అని లేచి వచ్చేస్తాం. రాత్రి నిద్ర పడుతోందా అని అడగం. డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ సంచి ఒళ్లో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చున్న భార్యనైతే అసలేమీ అడగం. కూతురికి సంబంధాలు రావడం లేదన్నది ఆమె బెంగ. పెళ్లిమాటతో ఆ గడప తొక్కనిది మనమే. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది.

ఇలాంటివాళ్ల పక్కన కూర్చుని వినడానికి, నలభై దాటాక కౌన్సెలింగ్ నేర్చుకుంటాననే వాళ్లను “ఇప్పుడెందుకమ్మా నీకీ చదువు” అంటాం. ఎందుకో వాళ్లకు తెలుసు. తండ్రినో భర్తనో ఆస్పత్రుల చుట్టూ తిప్పిన రోజుల్లో, తమ మాట చివరిదాకా వినే మనిషి ఒక్కరూ దొరకని వాళ్లు వాళ్లు. తమకు దక్కనిది ఇంకొకరికి ఇద్దామని వస్తారు. ఆ తపన ఒక్కటే చాలదు గనుకే శిక్షణ కావాలి. సలహా నాలుక చివరికొచ్చినా ఆపుకోవాలి. తన ఏడుపు ఎదుటివాళ్ల మీద కుమ్మరించకూడదు. విన్నది వీధిలోకి మోయకూడదు. చచ్చిపోవాలనుందన్న మాట వినబడితే తేలిగ్గా తీసుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి చేర్చాలి.

జింబాబ్వేలో మనోవైద్యుడు డిక్సన్ చిబాండా 14 మంది అవ్వలతో ఈ వినే పని మొదలుపెట్టారు. క్లినిక్ ఆవరణలో ఒక చెక్క బెంచీ, అంతే. అక్కడికి వచ్చేవాళ్ల దిగులుకు షోనా భాషలో పేరు ‘కుఫుంగిసిస’, ఆలోచన ఎక్కువైపోవడం. మన ‘బెంగ’కు చుట్టమే ఆ మాట. 2016లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం అందినవాళ్లలో సగం మందికి దిగులు లక్షణాలు మిగిలాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో 14 శాతం మందికే మిగిలాయి.

ఇక మన దగ్గర, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది. మానసిక సాయం కోసం టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు. రెండూ కావలసినవే. కానీ ఆ ఫోను చేయడానికైనా “చెయ్యి నాయనా, నేనున్నాను” అనే మనిషి పక్కన ఉండాలి కదా.

ఉద్దానంలో ఒక్కో ఊరి నుంచి ఇద్దరిని ఈ శిక్షణకు పంపుదాం. జీడిపప్పు పనికి పోయే ఆడమనిషైతే, ఆ రోజుల కూలి తలా కొంత వేసుకుందాం. గుడి కోసం చందా ఎత్తడం తెలిసినవాళ్లమే. ఈ ఆదివారం రామమందిరం అరుగు మీద చేరినప్పుడు ఆ ఇద్దరి పేర్లూ అనుకుందాం.